గేర్‌బాక్స్‌కి చలువపందిరి

ఉస్తాద్ నా కారు గేర్ ఆయిల్‌ని డిప్‌స్టిక్‌తో తీసి, తెల్లటి టిష్యూ కాగితం మీద ఒక్క చుక్క వేశాడు. వేసి ఊరుకున్నాడు. చుక్క మెల్లగా పాకింది. నడుమ నల్లగా, చుట్టూ గోధుమరంగు వలయంగా ఏర్పడి ఆగిపోయింది. కొత్త ఆయిల్ అయితే కుంకుమ నీళ్లలా ఎర్రగా ఉండి, ఇంకా దూరం పాకేదట. ఆ కాగితాన్ని తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. బజ్జీల బండి మీద మూడు రోజులు కాగిన నూనె వాసన.

"సర్ జీ, గేర్ ఆయిల్‌కి కూలర్ పెట్టమని వచ్చారు. పెడతాను. కానీ ఇవాళ పెట్టను" అన్నాడు.

ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఆయన మెకానిక్ షెడ్డు ముందు నుంచి ఏళ్ల తరబడి నడిచిపోతున్నాను గానీ లోపలికి వెళ్లడం అదే మొదలు. బేర్ అంటే రేగు, సరాయ్ అంటే సత్రం. మన మాటలో చెబితే రేగుచెట్టు సత్రం. పక్కనే జియా సరాయ్, కట్వారియా సరాయ్, కాస్త అవతల కాలూ సరాయ్. ఈ పేర్లన్నీ వరసగా వింటే ఒకప్పుడు బాటసారులు దిగిన దారి ఇదేనని ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు దిగేది పరీక్షలకు చదివే పిల్లలు. ఒకవైపు ఐఐటీ, ఇంకోవైపు పాత జేఎన్‌యూ క్యాంపస్, నడుమ ఈ ఇరుకు ఊరు. సివిల్స్ పుస్తకాలు, జిరాక్స్ నోట్సు, జ్యూస్ కొట్లు, మోమోల బళ్లు. సాయంత్రమైతే ఆ గుంపులో ఎక్కడో ఒకచోట తెలుగు వినబడక మానదు. మా పై అంతస్తులో అద్దెకున్న అనంతపురం కుర్రాడు కూడా అలా వచ్చినవాడే. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షకు తయారవుతున్నాడు. నన్ను బాబాయ్ అంటాడు. ఆ రోజు షెడ్డుకి నన్ను లాక్కెళ్లింది వాడే.

షెడ్డు అంటే రెండు కార్లు పట్టే చోటు, పైన రేకులు, ముందు ఒక వేపచెట్టు. గోడకి పానాలు సైజువారీగా మేకులకు వేలాడుతున్నాయి. ఒక మూల పాత ఆయిల్ డబ్బా, దాని మీద చెక్కపలక, పలక మీద గుడ్డ పరిచి విప్పిన గేర్‌బాక్స్ వాల్వ్‌బాడీ ఒకటి. గుడ్డ మాత్రం ఉతికిన గుడ్డ. అంత నూనె మరకల మధ్య ఆ ఒక్క తెల్లగుడ్డ నా కంట్లో పడింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపలి దారులు గింజంత మట్టికి కూడా మూసుకుపోతాయట. మాన్యువల్ గేర్ల పని ఎవరైనా చేస్తారు, దీనికి మాత్రం వంటింటి శుభ్రం కావాలన్నాడు ఉస్తాద్. మీరట్ వైపు మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది.

నా బండి 2012 నాటి పెట్రోలు ఆటోమేటిక్. ఢిల్లీలో పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిల్‌కి 10 ఏళ్లు అన్న లెక్క అప్పట్లో ఎప్పుడూ నెత్తి మీద వేలాడుతూనే ఉండేది. కాబట్టి ఉన్న నాలుగు రోజులూ దీన్ని నిలుపుకోవాలన్నదే నా ఆశ. కిందటి జూన్‌లో ఇంటిల్లిపాదీ ముస్సోరీ వెళ్లాం. డెహ్రాడూన్ నుంచి 35 కిలోమీటర్లే, కానీ ఆ కాస్త దూరంలోనే రెండు వేల మీటర్ల ఎత్తుకి చేరాలి. ఐదుగురం, సామాను, ఏసీ. పైన మలుపుల దగ్గర వాహనాలు బారులు తీరి ఉన్నాయి. అడుగు జరగడం, ఆగడం, మళ్లీ అడుగు జరగడం. అక్కడ మొదటిసారి బండి గుంజింది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలడానికి ఒక క్షణం ఆలోచిస్తోంది. కిందికి దిగాక మామూలైపోయింది. నేనూ మరిచిపోయాను. మళ్లీ ఈ మే నెలలో, మునిర్కా నుంచి రావు తులారామ్ ఫ్లైఓవర్ వైపు ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఇరుక్కుంటే అదే గుంజుడు.

అంతకు ముందు ఒక సర్వీసు సెంటర్‌లో అడిగాను, గేర్ ఆయిల్ మార్చాలా అని. "అక్కర్లేదు సార్, అది లైఫ్‌టైమ్" అన్నారు. ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాలని నాకు తోచలేదు. లక్షా ఇరవైవేల కిలోమీటర్లు ఒకే నూనెతో తిప్పాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంతకీ ఆ వేడి ఎక్కడ పుడుతుందో చెప్పాలి. మాన్యువల్ బండిలో ఇంజిన్‌కీ గేర్లకీ నడుమ క్లచ్ ప్లేటు ఉంటుంది. పాత తరహా ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దీని మూలం 1905లో జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం కనిపెట్టిన ఏర్పాటు. మూసిన గిన్నెలో నూనె, నూనెలో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజిన్ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అది నూనెని విసురుతుంది, ఆ విసురుకి రెండో చక్రం తిరుగుతుంది. రెండింటి నడుమ ఇనుము ఇనుమును తాకదు. అందుకే ఆ మెత్తదనం. కానీ సిగ్నల్ దగ్గర D లో పెట్టి బ్రేకు తొక్కి ఉన్నామనుకోండి. మొదటి చక్రం తిరుగుతూనే ఉంటుంది, రెండోది కదలదు. కవ్వం తిరుగుతోంది, వెన్న రాదు. ఆ చిలుకుడు శక్తంతా ఎక్కడికి పోతుంది? నూనెలోకి, వేడిగా. ఘాట్ రోడ్డు మీద నెమ్మదిగా ఎక్కేటప్పుడూ ఇదే కథ. హైవే మీద స్పీడందుకున్నాక లోపల లాకప్ క్లచ్ అనేది పడి రెండు చక్రాలనీ ఒకటి చేస్తుంది, చిలుకుడు ఆగుతుంది, వేడి దిగుతుంది. అందుకే ఆగ్రా దాకా నూరు మీద పోయిన బండికి రాని రోగం మునిర్కా జామ్‌లో వస్తుంది.

పైగా ఆ నూనెకి ఒక్క పని కాదు. చక్రాలను తిప్పాలి, క్లచ్ ప్లేట్లను ఒత్తిడితో పట్టి ఉంచాలి, గేర్లు అరగకుండా చూడాలి, పుట్టిన వేడిని మోసుకుపోవాలి. ప్లేట్లు మరీ జారకూడదు, మరీ పట్టేయకూడదు. ఆ మధ్యస్థం కోసం 1970ల తొలినాళ్ల దాకా అమెరికాలో ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. ఆ తిమింగలాల రక్షణకు చట్టాలు వచ్చాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కున్నాయి. ఈ సంగతి కుర్రాడు చెబితే ఉస్తాద్ ఆశ్చర్యపోయి రెండుసార్లు అడిగాడు.

వేడి గురించి మెకానిక్కుల్లో చాలాకాలంగా తిరిగే లెక్క ఒకటుంది. నూనె సుమారు 80 డిగ్రీల దగ్గర ఉన్నంతకాలం సుఖంగా ఉంటుంది. ఆ పైన ప్రతి 11 డిగ్రీలకీ దాని ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. 115 దాటితే లోపల జిగురు పొర కడుతుంది. ఇంకా పైకి పోతే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, ఒత్తిడి కారిపోతుంది, ప్లేట్లు జారుతాయి, జారితే మళ్లీ వేడి. పాత తరం నూనెలకు కట్టిన లెక్క ఇది, ఇప్పటి సింథటిక్ ఇంకాస్త ఓర్చుకుంటుంది. అయినా దారి అదే. కుర్రాడు నా బండికి స్కానర్ తగిలించి ఫోన్‌లో చూస్తే, మధ్యాహ్నం జామ్‌లో 112 చూపించింది. ఢిల్లీ ఎండని కూడా కలుపుకోవాలి కదా. 2024 మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. అది నీడలో గాలి లెక్క. తారు రోడ్డు మీద, ముందు బండి పొగ వెనక, బంపర్‌లోకి దూరే గాలి అంతకన్నా వేడి.

మరి కంపెనీ కూలర్ ఇవ్వలేదా? ఇచ్చింది. చాలా కార్లలో రేడియేటర్ ట్యాంకు లోపలే ఒక చిన్న గొట్టం ఉంటుంది. గేర్ ఆయిల్ ఆ గొట్టంలోకి వచ్చి, చుట్టూ ఉన్న కూలెంట్‌కి వేడి అప్పగించి పోతుంది. కానీ ఆ కూలెంటే 90 డిగ్రీల పైన ఉంటుంది. వేణ్ణీళ్లలో పెట్టి చల్లార్చడం లాంటిది. మామూలు రోజుల్లో సరిపోతుంది, కష్టకాలంలో చాలదు. బయట గాలి తగిలేచోట విడిగా ఇంకో చిన్న కూలర్ పెట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ట్రైలర్లు లాగే అమెరికా బళ్లకి ఇది మామూలు విషయం.

ఉస్తాద్ మొదటి రోజు పెట్టనన్నది ఎందుకంటే, ముందు గేర్‌బాక్స్ అడుగున ఉండే పాన్ విప్పి చూడాలి. "జ్వరమొచ్చినవాణ్ణి చెట్టు నీడన కూర్చోబెడితే జ్వరం పోతుందా? ముందు లోపల ఎంత కాలిందో చూడనివ్వండి" అన్నాడు. లోపల ప్లేట్లు అరిగిపోయి ఉంటే కూలర్ పెట్టినా డబ్బు దండగే. అప్పుడు గేర్‌బాక్స్ దించాల్సిందే, అది లక్షకు పైమాట. ఆ మాట దాచి, కూలర్ బిగించి, డబ్బు పుచ్చుకుని పంపేవాళ్లకి కొదవలేదు. ఈయన పంపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదన్న మాట కూడా నిజమే.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. జాకీల మీద బండి. పాన్ బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి, ఒక మూల మాత్రం పూర్తిగా వంచి, నూనెని సన్నటి ధారగా బక్కెట్లోకి వదిలాడు. డికాషన్ రంగు. పాన్ దించి వెలుతురులోకి తెచ్చాడు. అడుగున రెండు గుండ్రటి అయస్కాంతాలు. వాటిని పట్టుకున్న బూడిదరంగు ముద్ద, కాటుకలా మెత్తగా. ఉస్తాద్ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి రాసి చూశాడు. కళ్లు మూసుకుని రాశాడు. గరుకు తగులుతుందేమోనని. పలుకులు తగిలితే గేరో బేరింగో పోతున్నట్టు. నల్లటి పెచ్చులు కనిపిస్తే క్లచ్ ప్లేట్ల పైపూత ఊడుతున్నట్టు. ఈ రెండూ లేవు. మెత్తటి ముద్ద ఉండడం ఇన్నేళ్ల బండికి సహజమట.

"బతికింది" అన్నాడు ఆ వేళ్లు వేస్టు గుడ్డకి తుడుచుకుంటూ.

తర్వాత రేడియేటర్ మూత తీసి వేలు ముంచాడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాల్సిన పని ఇది. కూలెంట్ మీద నూనె తెట్టు ఉందా అని. లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లుపడితే కూలెంట్ గేర్ ఆయిల్‌లో కలుస్తుంది. రెండూ కలిసి గులాబీరంగు పాల నురగలా అవుతాయి. ఆ నురగ క్లచ్ ప్లేట్ల మీది జిగురుని కరిగించేస్తుంది. అలా వచ్చిన బళ్లు తన చేతిలో రెండు చచ్చిపోయాయని చెప్పాడు. చచ్చిపోయాయి అనే అన్నాడు. నా రేడియేటర్ బాగానే ఉంది.

కూలర్ కొనడానికి నేనూ కుర్రాడూ హౌజ్ ఖాస్‌లో పసుపు లైను మెట్రో ఎక్కి తిన్నగా కశ్మీరీ గేట్‌లో దిగాం. స్పేర్ పార్టుల బజారు అక్కడే. వెళ్లేముందు ఉస్తాద్ మూడు మాటలు చెప్పాడు. మాయాపురి నుంచి సెకండ్ హ్యాండ్‌ది వద్దు. పాత కూలర్ ఏ బండిదో, ఆ బండి గేర్‌బాక్స్ ఎలా పోయిందో ఎవరికి తెలుసు? దాని పొడి ఆ సన్నటి పొరల్లో దాక్కుని ఉంటుంది, ఎంత కడిగినా రాదు, మన గేర్‌బాక్స్‌లోకి దిగుతుంది. రెండోది, గొట్టం చుట్టి రేకులు గుచ్చిన రకం కాకుండా పళ్లాలు పేర్చినట్టుండే రకం తీసుకోండి. మూడోది, హోస్ పైపు గేర్ ఆయిల్‌కి తగినదే కావాలి. పెట్రోలు పైపు చవగ్గా వస్తుందని అంటగడతారు, వద్దు, వేడికి పగిలిపోతుంది.

పళ్లాల రకం ఎందుకో తిరుగు మెట్రోలో కుర్రాడు చెప్పుకొచ్చాడు. చలికాలం పొద్దున ఢిల్లీలో నాలుగైదు డిగ్రీలు. నూనె చిక్కగా ఉంటుంది. మంచి పళ్లాల కూలర్లలో అలాంటప్పుడు చిక్కటి నూనె సన్నటి దారుల్లోకి పోకుండా అడ్డదారిన తిరిగి వచ్చేస్తుంది. పలచబడ్డాకే అన్ని పొరల్లోంచీ పారుతుంది. నూనె మరీ చల్లబడితే కూడా తప్పే, లాకప్ సరిగ్గా పడదు, గేర్లు బరువుగా మారతాయి. తర్వాత నోట్‌బుక్ తీసి లెక్క వేశాడు. నిమిషానికి 4 లీటర్ల నూనె ప్రవహిస్తూ 20 డిగ్రీలు చల్లబడిందనుకుంటే, ఆ కూలర్ వదిలించే వేడి దాదాపు 2.4 కిలోవాట్లు. "బాత్రూమ్ గీజర్ కన్నా ఎక్కువే బాబాయ్" అన్నాడు. అరచేతి వెడల్పు రేకు అంత వేడి వదిలిస్తుందా అని నేను ఆ పొట్లాన్ని మళ్లీ విప్పి చూశాను.

బిగింపు రోజు. ముందు ఏ పైపు వేడిదో తేలాలి. గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కి రెండు పైపులు, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది. పుస్తకంలో బొమ్మ ఉంటుంది గానీ ఉస్తాద్ బొమ్మని నమ్మలేదు. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేయించి, రెండు చేతులతో రెండు పైపులూ పట్టుకుని కూర్చున్నాడు, నాడి చూసే వైద్యుడిలా. రెండు నిమిషాలకి ఎడమచేతిది ముందు వెచ్చబడింది. అది పోయే పైపు. కొత్త కూలర్‌ని వచ్చే పైపులో కలపాలి. అంటే నూనె ముందు రేడియేటర్‌కి పోయి, అక్కడ చాలామటుకు వేడి వదిలి, తర్వాత కూలర్‌లోకి వచ్చి, అక్కణ్ణుంచి గేర్‌బాక్స్‌కి చేరాలి. ఇక్కడ కుర్రాడు అడ్డుపడ్డాడు. రేడియేటర్‌ని పూర్తిగా తప్పించేస్తే లోపల చిల్లుపడి కలిసే భయమే ఉండదు కదా అని. మంచి ప్రశ్నే. కొందరు అలా చేస్తారు కూడా. ఉస్తాద్ మాత్రం ఒప్పుకోలేదు. "జనవరిలో ఈ నూనెని వెచ్చబెట్టేది ఆ రేడియేటరే బేటా. అది బాగున్నంతకాలం ఉండనీ. ఏడాదికోసారి వేలు ముంచి చూడండి" అన్నాడు. నాకు ఆయన మాటే సబబనిపించింది.

బంపర్ విప్పాక నేను ఊహించిన చోటు వేరు, ఆయన ఎంచుకున్న చోటు వేరు. బంపర్ మూలలో ఖాళీగా, గాలి ధారాళంగా తగిలే చోటు కనిపించింది నాకు. ఆయన ఏసీ కండెన్సర్ ముందు, సరిగ్గా ఫ్యాన్ లాగే వరసలో పెట్టాడు. బండి పరుగెడితే ఎక్కడైనా గాలి తగులుతుంది, మన జబ్బు నిలబడ్డప్పటిది కదా. నిలబడ్డప్పుడు గాలి వచ్చేది ఫ్యాన్ ఉన్నచోటే. ఆ మాటతో నాకు మొత్తం సంగతి ఇంకోసారి అర్థమైనట్టయింది. కూలర్ పెద్దదైతే ఏసీ చల్లదనం తగ్గుతుంది కాబట్టి చిన్నదే చాలన్నాడు. కూలర్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ టైలు కండెన్సర్ రేకుల్లోంచి గుచ్చి కట్టేవి. వాటిని పక్కన పారేశాడు. అదురుకి అవి రేకుల్ని కోసేస్తాయట. ఇనుపపట్టీ వంచి, చట్రానికి బోల్టు వేసి, నడుమ రబ్బరు పెట్టి, కండెన్సర్‌కి వేలెడు ఎడం ఉంచాడు. మూతులు పైకి ఉండేలా, లోపల గాలి చిక్కుకోకుండా.

ఇనుప పైపు కోసిన చోట అంచుని నున్నగా వదిలేయలేదు. చిన్న పనిముట్టుతో గుండ్రంగా ఒక గట్టు తీర్చాడు. హోస్ ఆ గట్టు దాటాక దాని వెనక క్లాంపు. నున్నటి పైపు మీద ఎంత బిగించినా వేడికీ ఒత్తిడికీ హోస్ జారిపోయే ప్రమాదం ఉంది. జారితే నూనంతా రెండు నిమిషాల్లో రోడ్డు పాలు, ఆ వెంటే గేర్‌బాక్స్. ఈ ఒక్క గట్టు కోసం పావుగంట పట్టింది. షెడ్డు కుర్రాడు తొందరపడుతుంటే ఉస్తాద్ వాడి చేతిలోంచి పనిముట్టు తీసుకుని తనే చేశాడు.

కొత్త ఫిల్టర్, కంపెనీ చెప్పిన రకం కొత్త ఆయిల్. ఒకేసారి మిషను పెట్టి మొత్తం కడిగెయ్యలేదు. ఇన్నేళ్ల మురికి ఒక్కసారిగా కదిలితే ఎక్కడ ఇరుక్కుంటుందోనని, దిగినంత దించి దిగినంత పోశాడు. వెయ్యి కిలోమీటర్లకి మళ్లీ అలాగే ఇంకోసారి. కూలర్, పైపులు నిండడానికి అదనంగా పావులీటరు పైచిలుకు పట్టింది. బ్రేకు తొక్కి గేర్ లీవర్‌ని P నుంచి కింది దాకా, మళ్లీ పైకి, ఒక్కోచోట కాసేపు ఆగుతూ తిప్పమన్నాడు. నూనె వేడెక్కాక డిప్‌స్టిక్ చూశాం. ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని బళ్లలో ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, కొన్నింట్లో ఆపిన వెంటనే చూడాలి, కొన్నింటికి అసలు డిప్‌స్టిక్కే ఉండదు. మీ బండి పుస్తకం చెప్పిందే పాటించండి. అలాగే అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కాదు. 2014లో మారుతి సెలేరియోతో మన రోడ్ల మీద వ్యాపించిన ఏఎంటీ రకంలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌ని మనిషి బదులు మోటారు తొక్కుతుంది. దానికి ఈ కూలర్‌తో పనిలేదు. సీవీటీకి వేరే నూనె, వేరే లెక్క.

ఆ సాయంత్రం ఆరున్నరకి, కావాలని, జామ్ ఉండే వేళ చూసుకుని ముగ్గురం బయల్దేరాం. ఔటర్ రింగ్ రోడ్డు, మునిర్కా, ఫ్లైఓవర్ ఎక్కేచోట నిలిచిపోయాం. బయట 41. ఏసీ పూర్తిగా పెట్టాను. కుర్రాడు ఫోన్ చూస్తూ అంకెలు చదువుతున్నాడు. 84. 87. 91. నాకు అరచేతులు చెమట పట్టాయి. 93 దగ్గర ఆగింది. పది నిమిషాలు గడిచినా 93 దాటలేదు. ముందు బండి కదిలితే బ్రేకు వదిలాను. బండి ఆలోచించలేదు, కదిలింది. వెనక సీట్లో ఉస్తాద్ అంకెలు అడగలేదు. అద్దం దించి, చెవి బయటపెట్టి, ఏదో వింటున్నాడు.

"ఫ్యాన్ సౌండు బాగుంది. ఇంటికి తిప్పండి" అన్నాడు.

రాత్రి బండి కింద పాత హిందూ పేపర్ పరిచి, పైకెళ్లి పడుకున్నాను. పొద్దున్నే పాలవాడికన్నా ముందు దిగి, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. పేపర్ మీద ఏసీ నీటిచుక్క ఒకటి ఆరిపోయిన మచ్చ ఉంది. ఎరుపు ఎక్కడా లేదు. పేపర్ మడిచి, షెడ్డు తెరిచే వేళకి పట్టుకెళ్లి ఉస్తాద్‌కి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ నాకే ఇచ్చి, "ఇవాళ రాత్రి కూడా పరచండి" అన్నాడు.